పని నేర్పి వాకిట్లో ఆపిన చట్టం

ఇల్లందు చుట్టుపక్కల బొగ్గు ఉందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889 నుంచి బొగ్గు పైకి రావడం మొదలైంది. గనితో పాటే పంపులు, ఇంజన్లు, టబ్బులు నడిచే పట్టాలు, వాటిని మరమ్మతు చేసే ఫిట్టర్లు, టర్నర్లు కూడా ఇల్లందు అడవి అంచుకు వచ్చారు. ఆ పనులు నేర్పడానికి అప్పట్లో బడి లేదు. హెల్పరుగా చేరిన కుర్రాడు పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి, అందించి, చూసి, తిట్లు తిని నేర్చుకునేవాడు. ఈ పద్ధతిలో లోపాలు చాలానే ఉన్నా నేర్చుకోవడమూ కూలి సంపాదించడమూ ఒకే చోట జరిగేవి. తర్వాత నేర్పే ఏర్పాట్లు పెరిగాయి, నేర్చినవాడికి పని దొరికే ఏర్పాటు మాత్రం సన్నగిల్లింది. ఖమ్మం, భద్రాచలం సరిహద్దులో యువకుల అసంతృప్తికి నైపుణ్యం కొరవడటం కంటే ఈ తెగిన ముడే ముఖ్య కారణమని నా వాదన.

ముడి తెగింది 1961 అప్రెంటిస్ చట్టంతో. 14 ఏళ్లు నిండినవారిని నిర్ణీత ట్రేడుల్లో తీసుకుని, స్టైపెండు ఇచ్చి, పని నేర్పాలని అది యాజమాన్యాలను ఆదేశించింది. అదే చట్టం, అప్రెంటిస్ కార్మికుడు కాదనీ, ఒప్పందంలో షరతు ఉంటే తప్ప శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదనీ తేల్చింది. చట్టం అమల్లోకి వచ్చిన ఏడేళ్లకు, 1969 జనవరిలో, పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం నుంచి తెలంగాణ ఆందోళన రాజుకుంది. అక్కడ ప్రధానంగా వినిపించిన డిమాండు శిక్షణ కాదు, స్థానికులకు రక్షణ కల్పించిన ముల్కీ నియమాల ప్రకారం ఉద్యోగాలు. తర్వాత సారపాకలో కాగితపు మిల్లు, పాల్వంచలో స్పాంజ్ ఐరన్ కర్మాగారం, అశ్వాపురంలో భారజల కేంద్రం వచ్చాయి. నేర్చుకోవడానికి చోట్లు పెరిగాయి గానీ చట్టం మాట మారలేదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పాత పద్ధతి ఏమంత న్యాయమైనది? ఈ బొగ్గు గనులు నడిపే సింగరేణి సంస్థలో తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కే వారసత్వ ఉద్యోగాల ఆచారం గని కుటుంబాలకు అండే, కానీ గని అంచున ఉన్న కోయ పల్లెకు అది మూసిన తలుపు. 2017లో హైకోర్టు వారసత్వ నియామకాల ప్రకటనను కొట్టేసింది. మెడికల్ అన్‌ఫిట్ అయినవారి పిల్లలకు కారుణ్య నియామకాల దారి మిగిలింది. పారిశ్రామిక శిక్షణ సంస్థ (ఐటీఐ) ఇచ్చే సర్టిఫికెట్టు పుట్టుక అడగదు, ఆ మేరకు అదే న్యాయమైన దారి. ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ దారి చివర నియామకం లేకపోతే, చుట్టరికం ఉన్నవాడికి గనీ, సర్టిఫికెట్టు ఉన్నవాడికి వాకిలీ మిగులుతాయి. సర్టిఫికెట్టు న్యాయం ఆచరణలో నిలవాలంటే అది లోపలికి దారి తీయాలి.

అప్రెంటిసులందరికీ ఉద్యోగం ఇవ్వమంటే యాజమాన్యాలు అసలు తీసుకోవడమే తగ్గిస్తాయన్నది రెండో అభ్యంతరం. ఇందులోనూ నిజముంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఓపెన్‌కాస్టు యంత్రాలతో బొగ్గు ఉత్పత్తి మాత్రం పెరిగింది. లేని ఖాళీలను చట్టం పుట్టించలేదు. కానీ హామీకీ, ఏ బాధ్యతా లేకపోవడానికీ నడుమ చోటుంది. ఉత్తరప్రదేశ్ రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే ఆ చోటు చూపింది. మిగతా అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలనీ, ఏ ఏడు శిక్షణ పొందారో ఆ వరుసన జాబితా ఉంచాలనీ చెప్పింది. అప్రెంటిస్ చట్టానికి 2014లో చేసిన సవరణ ఇంకో అడుగు వేసి, అప్రెంటిసుల నియామకానికి ప్రతి యజమానీ తన విధానం రూపొందించుకోవాలంది. అయితే ఆ విధానంలో ఏముండాలో చెప్పలేదు.

నేటి నిబంధనల ప్రకారం కాంట్రాక్టు సిబ్బందితో కలిపి మొత్తం బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిసులను తీసుకోవాలి. అంటే పర్మినెంటు కొలువు తగ్గినా శిక్షణ పొందేవారి సంఖ్య తగ్గనక్కర్లేదు. అందుకే ఇప్పుడు అడగాల్సింది మరిన్ని సీట్లు కాదు. ప్రతి సంస్థా తన నియామక విధానాన్ని బయటపెట్టాలి, ఏడాదివారీ జాబితా ప్రకటించాలి, కాంట్రాక్టు పనిలోనైనా ఆ జాబితా నుంచే ముందుగా పిలవాలి. దీనికి కొత్త ఖాళీలు సృష్టించనక్కర్లేదు, ఉన్నవాటిని ఏ వరుసలో నింపుతున్నారో చెబితే చాలు. ఆ ఒక్క వివరం దాచినంత కాలం శిక్షణ చవక శ్రమకు మరో పేరేనన్న అనుమానాన్ని ఏ సంస్థా తుడిచేసుకోలేదు.