అరుగు మీద లెక్కలు

1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలోని బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో అన్ని జిల్లాల నుంచీ ఈ వివరాలు అడిగాడు. మన అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. కాంబెల్ తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసినాయన, కాబట్టి మన పిల్లల చదువు ఆయనకి బాగానే అర్థమయ్యుంటుంది. ధరంపాల్ గారు ఈ పాత కాగితాలన్నీ వెతికి 1983లో పుస్తకంగా వేశారు. అందుకే నాలాంటి ఇల్లాలు కూడా మురమళ్ళలో కూర్చుని వాటిని చదవగలిగింది.

ఆ నివేదికలో వీధిబడి కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. ఐదో ఏట పంతులుగారూ బడిపిల్లలూ ఇంటికొచ్చి వినాయకుడి చుట్టూ కూర్చునేవారు. కొత్త పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించేవారు. ఆ తర్వాత బళ్ళో ఇసుక మీద అక్షరాలు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోయేది. ఇరవయ్యోవాడికి పద్దెనిమిదన్నమాట. తీసివేత వద్దన్నా వచ్చి తీరుతుంది!

అక్కడే ఇంకో లెక్క కూడా ఉంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది.

ఆ అరవై దగ్గర నేను ఆగిపోయాను. బడి మొహం చూడని మన ముత్తవ్వలకి లెక్కలు రావా అంటే, భేషుగ్గా వచ్చు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. పది మంది భోజనాలకి ఎన్ని సోలలు పొయ్యాలో కాగితం లేకుండా చెప్పేవారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?

ఇంట్లోనే, ఆటలోనే. మా మామ్మ ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని "ఆరున్నొక్కటి" అనేది. శకునం కోసం అన్నమాటే గానీ, పక్కన కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల చెవిలో ఏడంటే ఆరూ ఒకటీ కలిపితే వచ్చేదని పడిపోయేది. ముగ్గు కూడా అంతే. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. పైకీ కిందకీ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం ముప్ఫై ఏడు చుక్కలు. ఒక్క చుక్క తప్పితే ముగ్గు కలవదు, ఎవరూ దిద్దక్కర్లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలికి వణుకుతూ ఎన్నిసార్లు చెరిపి వేశామో!

అన్నిటికంటే నాకు ఇష్టమైంది వామనగుంటలు. ఏడేసి గుంటలు రెండు వరసలు. మా ఇంట్లో గుంటకి ఐదేసి చింతపిక్కలు వేసేవాళ్ళం, మొత్తం డెబ్బై. ఒక గుంటలోవి తీసి ముందుకు ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వదలాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. పక్కది ఖాళీ అయితే, ఆ ఖాళీ దాటాక ఉన్న గుంటలోవి మనవి. మొదట్లో పిల్లలు వేలు పెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెడతారు. నాలుగు రోజులకి చూడగానే నాలుగున్నాయని చెప్పేస్తారు. ఇంకొన్నాళ్ళకి ఎక్కణ్ణుంచి తీస్తే ఖాళీ గుంట పక్కన ఆగుతుందో ముందే చూసుకుంటారు. అదే కదండీ తర్కమంటే.

1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చారు. అడయారు దివ్యజ్ఞాన సమాజం వారు పిలిచారు. యుద్ధం రావడంతో ఇటలీ దేశస్థురాలని ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఆవిడ పద్ధతిలో లెక్కలకి ఒక చెక్క పెట్టె ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా గళ్ళు, నలభై ఐదు కదుళ్ళు. ఏ గడిలో ఎన్ని పెట్టాలో పిల్లలే లెక్కపెట్టి పెడతారు. సున్నా గడి ఖాళీగా ఉండాలి. సున్నా అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. ఆ పెట్టె గురించి చదివినప్పుడు నాకు వామనగుంటల పీటే గుర్తొచ్చింది. ఆవిడ మన పీట చూసి చేశారని కాదు, ఆ పద్ధతి ఆవిడ ఇక్కడికి రాకముందు నుంచే ఉంది. మన ఆట లెక్కలు నేర్పడానికే పుట్టిందని కూడా నేననను. పొద్దుపోక ఆడుకునేవారు. కానీ రెండుచోట్లా పిల్ల చేతిలో వస్తువుంది, ఆ తర్వాతే అంకె.

ఇప్పుడు తలకిందులైంది. మా చెల్లెలి కూతురు ఎల్‌కేజీ. వంద దాకా ముత్యాల్లా రాస్తుంది. ఐదు చెంచాలు తెమ్మంటే గుప్పెడు పట్టుకొస్తుంది. బళ్ళో మాత్రం రాత నెమ్మదిగా ఉందని, "మేథ్స్‌లో వీక్" అని డైరీలో రాసి పంపారు. నాలుగున్నరేళ్ళ పిల్లకి! మా చెల్లి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. 2023లో కేంద్రం వాళ్ళు మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం బొమ్మలూ ఆటలూ పెట్టి "జాదూయీ పిటారా" అని ఒక పెట్టె విడుదల చేశారు. ఆటలతోనే నేర్పమని పైవాళ్ళూ అంటున్నారు, కింద మాత్రం వర్క్‌షీట్లే.

అలాగని పాతదంతా బంగారమని నేను చెప్పను. మా మామ్మ కొబ్బరి దింపు తీసినప్పుడు కాయల రాశి చూసి ఎన్నుంటాయో ఇంచుమించుగా చెప్పేది. కానీ కొనుగోలుదారు పుస్తకంలో ఏం రాశాడో ఆవిడకి తెలిసేది కాదు, వేలిముద్ర వేసేది. ఆ అరవై మందిలో లేకపోవడమంటే అది. మనసులో లెక్క ఎంతున్నా కాగితం మీది లెక్క అవతలివాడి చేతిలో ఉండిపోతుంది. అందుకని అంకెలు రాయించవద్దని నేను మా చెల్లికి చెప్పలేదు. ముందు చెంచాలు, తర్వాత పలక అన్నాను.

పీట దొరక్కపోతే కోడిగుడ్ల అట్టలోంచి ఆరేసి గుంటలు రెండు వరసలు కత్తిరించుకోండి, మొదట్లో గుంటకి మూడేసి చాలు. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం చింతపిక్కలు వద్దు, ముక్కులో దూర్చుకుంటారు. అప్పుడు నేల మీద సుద్దతో పెద్ద గళ్ళు గీసి, చెట్టు కింద రాలిన కొబ్బరి పిందెలతో ఆడించండి.