అక్షరం స్థానం మారకూడదు: తెలుగు లిపి సంకేతాలు, వెర్షన్ల చరిత్ర

సాఫ్ట్‌వేర్ పేరు పక్కన 5.1 అని ఉంటే, చుక్కకు ముందున్న అంకె పెద్ద మార్పును, తరువాతి అంకె చిన్న మార్పును తెలుపుతుంది. చిన్న మార్పు వచ్చినప్పుడు పాత ఫైళ్లు యథాతథంగా తెరుచుకోవాలి. దీనినే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు; మనం పూర్వానుకూలత అందాం. తెలుగువారికి దీని విలువ తెలిసివచ్చింది ఫాంట్ల వల్ల.

1990లలో తెలుగు డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లు, గుణింతాలు, వత్తులు కూర్చేవారు. ఫైలులో నిలిచేది ఇంగ్లీషు సంకేతమే. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగుగా కనబడేది. ఆ రోజుల్లో శ్రీనగర్ కాలనీలోని ఒక డీటీపీ సెంటరులో సినిమా ఆఫీసులవారు డైలాగ్ వెర్షన్లు కంపోజ్ చేయించుకునేవారు. నేను పాఠాలు చేయించుకునేవాణ్ణి. ఫాంటు ప్యాకేజీకి కొత్త వెర్షన్ వేశాక నా పాత పాఠాల్లో వత్తులన్నీ తారుమారయ్యాయి. తయారీదారు కొన్ని రూపాల స్థానాలు మార్చాడు, అంతే. అచ్చు ప్రతి ఉంది కాబట్టి మళ్లీ టైపు చేయించాను. అచ్చుకాని రాతల సంగతి వేరే చెప్పాలా?

యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నం. అక్కడ సంఖ్య అక్షరానిదే గాని ఫాంటుది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ 1.0లోనే తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించి, 80 నింపారు. భారతీయ ప్రమాణమైన ఇస్కీ వరుసనే అనుసరించారు. అందుకే దేవనాగరి ‘క’ 2325 అయితే తెలుగు ‘క’ సరిగ్గా 768 తరువాత, 3093 దగ్గర ఉంటుంది.

అయితే యూనికోడ్ కూడా తొలినాళ్లలో తప్పటడుగు వేసింది. 1996 నాటి 2.0 వెర్షన్‌లో కొరియన్ లిపికి చెందిన 6,656 అక్షరాలను పాత చోటు నుంచి తీసి, మరో చోట కొత్తగా అమర్చారు. పాత సంకేతాలతో రాసిన కొరియన్ పాఠం చెల్లకుండా పోయింది. ఆ అనుభవంతోనే ఒకసారి చేర్చిన అక్షరాన్ని తీసెయ్యరాదు, కదపరాదు అన్న నియమం స్థిరపడింది.

ఆ నియమం ఎలా పనిచేసిందో తెలుగు విభాగమే చూపుతుంది. 2008లో వచ్చిన 5.1 చిన్న వెర్షనే. కాని దానిలో దంత్య చ, జ లైన ౘ, ౙ, అవగ్రహం, పాత లెక్కల భిన్నాంకెలు, తూము గుర్తు వంటివి కలిపి 13 చేరాయి. అన్నీ ఖాళీ గదుల్లోకే వచ్చాయి. ఉన్నవాటిలో ఒక్కటీ కదల్లేదు. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఴ 2014లో 7.0తో, నకార పొల్లు 2021లో 14.0తో వచ్చాయి. అప్పటికి మొత్తం సరిగ్గా 100. 1991 సంకేతాలతో రాసిన తెలుగు వాక్యం నేటికీ చెల్లుతుంది.

ఈ స్థిరత్వానికి మూల్యం లేకపోలేదు. కన్నడంలో మన ఴకు సాటి అయిన అక్షరానికి పొరపాటున ‘ఫ’ అని పేరు పెట్టారు. పేర్లు కూడా మార్చరాదు గనుక అసలు పేరును మారుపేరుగా మాత్రమే చేర్చగలిగారు. నా దృష్టిలో ఇది లాభసాటి బేరమే.

సంకేతం నిలకడగా ఉన్నా, దాన్ని తెరపై చూపే ప్రోగ్రాము తప్పు చేయవచ్చు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకు ‘జ్ఞా’ రూపం ఒకటి సందేశంగా వస్తే ఆ యాప్ ఆగిపోయేది. జ, పొల్లు, ఞ, వాటి వెనుక కంటికి కనపడని విభజన గుర్తు, చివర దీర్ఘం: ఈ వరుసను ఫోను కూర్చలేకపోయింది. లోకమంతా దాన్ని ‘తెలుగు బగ్’ అంది గాని తప్పు తెలుగుది కాదు. మూడో అంకె మాత్రమే మారిన 11.2.6ను ఆపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసి సరిదిద్దింది. యూనికోడ్‌లో ఒక్క సంఖ్య కూడా మార్చవలసిన అవసరం రాలేదు.