పుల్‌మన్ శయన బోగీలు: నిద్రలేని సేవకులు
1867లో జార్జ్ పుల్‌మన్ స్థాపించిన సంస్థ అమెరికా సుదూర రైలు ప్రయాణాన్ని సుఖనిద్రగా మార్చింది. ఆ బోగీల చరిత్ర తరచుగా మఖమలు తెరల వర్ణనతోనే ముగుస్తుంది. పడకలు పరచి, బూట్లకు మెరుగుపెట్టి, రాత్రంతా మేల్కొన్న నల్లజాతి పోర్టర్ల ప్రస్తావన అందులో స్వల్పం. తొలితరంలో అనేకులు బానిసత్వం నుండి అప్పుడే విముక్తులైనవారు. ప్రయాణికులు వారందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవారు; బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు ఇక్కడా కొనసాగిందన్నమాట.

1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఏర్పడిన వారి సంఘం పన్నెండేళ్లు పోరాడి, 1937లో సంస్థతో ఒప్పందం సాధించింది. నెలకు సుమారు 400 గంటలుగా ఉన్న పని 240కి తగ్గింది. వేతనపెంపు కంటే ఈ నిద్రాహక్కే ముఖ్యమని నా అభిప్రాయం. 1955 నాటి మాంట్‌గొమరీ బస్సు బహిష్కరణ నిర్వాహకులలో ఒకరైన ఇ.డి. నిక్సన్ కూడా పుల్‌మన్ పోర్టరే.