జాంబీ ఆటలో తుపాకీ: దాని మీద మోపిన నేరాలకు సాక్ష్యం ఎంత?

టీవీ ముందు కూర్చున్న పిల్లవాడి చేతిలోని ప్లాస్టిక్ తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు. గుండూ రాదు, కాంతీ రాదు. గొట్టం లోపల ఒక కటకం, దాని వెనక కాంతిని పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు తెర కాంతిని పంపుతుంది, తుపాకీ దాన్ని చూస్తుంది. అందుకే దీన్ని ఆయుధంగా కాక, కన్నుగా అర్థం చేసుకోవాలి.

జహీరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, కన్నడ మాట్లాడే ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఏ ఇంట్లోనైనా ఇలాంటి తుపాకీతో జాంబీలను కాల్చే ఆట చూసిన పెద్దవాళ్లకు కలిగే అనుమానాలు రెండు. నడిచొచ్చే శవాల తలలు పేల్చీ పేల్చీ వీడికి నిజంగా గురి కుదురుతుందా? వీడి మనసు కరుకు తేలుతుందా? అవి న్యాయమైన అనుమానాలే. ఒక్కోదానికి దొరికే సాక్ష్యాన్ని విడివిడిగా తూచాలి.

ముందు యంత్రం సంగతి. 1990ల్లో మన పట్టణాల్లో అమ్మిన నకిలీ వీడియో గేమ్ డబ్బాలతో పాటు ఒక గన్ను, బాతులను కొట్టే ఆట ఉన్న క్యాసెట్టు వచ్చేవి. ఆ ఆట అసలు రూపం నింటెండో 1984లో తెచ్చిన డక్ హంట్. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. నలుపు తర్వాత తెలుపు కనిపిస్తే దెబ్బ తగిలినట్టు, లేకపోతే తప్పినట్టు. వెలిగే బల్బు వైపు గురిపెట్టి గెలవకుండా, నింటెండో తన తుపాకీలో టీవీ గీతల వేగానికి, అంటే సెకనుకు సుమారు 15 వేల గీతలకు, మాత్రమే స్పందించే ఫిల్టర్ పెట్టింది.

జాంబీలు ఈ తుపాకీకి ఎదురుగా నిలబడింది ప్రధానంగా సెగా కంపెనీ ‘ది హౌస్ ఆఫ్ ద డెడ్’తో. 1997లో ఆర్కేడ్‌లలో వచ్చింది, 1998లో సాటర్న్ కన్సోల్ ద్వారా ఇళ్లకు చేరింది. రెండో భాగం 1999లో డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ మీదికి వచ్చింది. శవం మీదికి నడిచొచ్చే దూరమే ఆటగాడికున్న గడువు. ఆ గడువు లోపల బందీలను కాపాడితే కథ దారి మారుతుంది. తుపాకీని తెర బయటికి తిప్పి కాల్చితే గుళ్లు నిండుతాయి. ఇక్కడ గురి లెక్కించే పద్ధతి డక్ హంట్ కన్నా సూక్ష్మం. మన దేశంలోని పాత డబ్బా టీవీల్లో బొమ్మ 625 గీతలుగా, ఒక్కో గీత 64 మైక్రోసెకన్లలో పడేది. ఆ గీతలను గీసే ఎలక్ట్రాన్ పుంజం ఏ క్షణాన తుపాకీ కంటికి కనబడిందో లెక్కగట్టి, కన్సోల్ గురిపెట్టిన చోటును తేల్చుకుంటుంది. ఎల్‌ఈడీ టీవీలో ఆ పుంజమే లేదు. కాబట్టి అలాంటి పాత గన్ను ఈరోజు జహీరాబాద్‌లో ఎవరి అటక మీదైనా చెక్కుచెదరకుండా దొరికినా, హాల్లోని కొత్త టీవీ ముందు అది గుడ్డిదే.

2006లో వచ్చిన నింటెండో వీ కన్సోల్ ఈ ఇబ్బందిని మరోలా దాటింది. రిమోట్ ముందు భాగంలో కెమెరా పెట్టి, టీవీ దగ్గర పెట్టే పట్టీలో రెండు పరారుణ కాంతి బిందువులు ఉంచింది. ఆ పట్టీ బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినా రిమోట్ పనిచేస్తుంది. ఇక్కడా తుపాకీ చూసేదే తప్ప కాల్చేది కాదు.

మరి గురి? నిజమైన షూటింగ్ ఎలాంటిదో హైదరాబాద్‌కు తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ ఆ నగరంలో పెరిగినవాడే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఇప్పటి నిబంధనల్లో 60 గుళ్లకు 75 నిమిషాలు ఇస్తారు. ఊపిరి బిగబట్టడం, ఒళ్లు కదలకుండా నిలవడం, ట్రిగ్గర్‌ను మెల్లగా లాగడం అందులో సగానికి పైగా పని. జాంబీ ఆటలో బరువు లేదు, వెనక్కి తన్నడం లేదు, నిదానానికి చోటే లేదు. కన్ను, చెయ్యి చురుగ్గా కలిసి పనిచేయడం కొంత అలవడవచ్చు. అంతకు మించి చెప్పాలంటే కొలిచి చూపాలి.

కొలిచామని ఒక పరిశోధన చెప్పింది, దాని గతి తెలుసుకోవాలి. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 151 మంది కాలేజీ విద్యార్థుల్లో కొందరితో వీ మీద రెసిడెంట్ ఈవిల్ 4 అనే ఆట ఆడించారు. అందులో శత్రువులు జాంబీలను తలపించే మనుషులు. మిగిలినవాళ్లు గుండ్రటి గురి బోర్డులను కొట్టే ఆటో, అసలు కాల్పులే లేని ఆటో ఆడారు. కొందరికి పిస్టల్ ఆకారపు పరికరం ఇచ్చారు. ఆ తర్వాత అందరిచేతా మనిషి బొమ్మ మీద 16 గుళ్లు కాల్పించారు. జాంబీ ఆటను పిస్టల్‌తో ఆడినవాళ్లు తలకు ఎక్కువ గురిపెట్టారని 2012లో కమ్యూనికేషన్ రీసెర్చ్ పత్రికలో ప్రకటించారు. ఈ ఫలితం చాలామందికి నమ్మదగిన రుజువుగా కనిపించింది. తర్వాత వేరే పరిశోధకులు లెక్కల్లో తేడాలు ఎత్తిచూపారు, అసలు దత్తాంశం దొరకలేదు. 2017లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. ఉపసంహరణ అంటే ఆ ఆట గురి నేర్పదని తేలినట్టు కాదు. నేర్పుతుందని చెప్పడానికి పట్టుకున్న ఆధారం జారిపోయిందనే అర్థం. ఈ రెంటినీ కలిపేయడం నాకు సమ్మతం కాదు.

రెండో అనుమానం, మనసు కరుకుదనం. 2019లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం బ్రిటన్‌లోని 14, 15 ఏళ్ల పిల్లలు 1,004 మందిని పరిశీలించింది. విశ్లేషణ పద్ధతిని పరిశోధకులు ముందే నమోదు చేసుకున్నారు. హింసాత్మక ఆటలు ఆడే సమయానికీ, పెద్దవాళ్లు చెప్పిన దూకుడు ప్రవర్తనకూ వాళ్లకు సంబంధం కనబడలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2015లో ఈ ఆటలకూ దూకుడుకూ సంబంధం ఉందని చెప్పింది, 2020లో మాత్రం నిజమైన హింసకు వీటిని కారణంగా చూపేంత సాక్ష్యం లేదని స్పష్టం చేసింది. కసిరిన మాటకూ తుపాకీ నేరానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ ప్రకటన గుర్తించింది. నాకు అదే నిలకడైన వైఖరి అనిపిస్తుంది. అయితే ఇవి బ్రిటన్, అమెరికాల లెక్కలు. మన పిల్లలకు యథాతథంగా అంటగట్టకూడదు.

సాక్ష్యం గట్టిగా ఉన్న చోట్లూ ఉన్నాయి. హౌస్ ఆఫ్ ద డెడ్ 2కు అమెరికా రేటింగ్ సంస్థ 17 ఏళ్లు నిండినవారికే అనే గుర్తు ఇచ్చింది. పదేళ్ల పిల్లవాడి రాత్రి నిద్రకు అది తగిన ఆట కాదని చెప్పడానికి మరో అధ్యయనం అక్కర్లేదు. రెండోది తుపాకీ ఆకారం. జపాన్‌లో 1984లో నింటెండో అమ్మినది అచ్చం రివాల్వర్‌లా ఉండేది. అమెరికా కోసం చేసిన బూడిద రంగు గన్నుకు 1989 నాటికి నారింజ రంగు వేశారు, బొమ్మ తుపాకీని నిజమైనదని పొరబడకూడదని. ఆ జాగ్రత్త మనకూ కావాలి. నల్ల రంగుది కొనవద్దనే నా సలహా.

జాంబీలు మన ఇళ్లకు ఇప్పుడు కొత్త కాదు. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ తీసిన జాంబీ రెడ్డి ఆ శవాలను రాయలసీమకు తెచ్చింది. అందులో హీరో వీడియో గేమ్ తయారుచేసే కుర్రాడు. బ్రిటన్, అమెరికాల లెక్కలు మనకు చాలవు కాబట్టి ఇక్కడి పిల్లల మీదే ఇక్కడే అధ్యయనం చేయాలి. జహీరాబాద్ హైస్కూళ్లలో పెద్ద తరగతుల పిల్లలతో, తల్లిదండ్రుల అనుమతితో, వయసుకు తగిన ఆటలతోనే అది సాధ్యం. ఒక గుంపు గన్నుతో జాంబీలను, మరో గుంపు అదే గన్నుతో గుండ్రటి బోర్డులను కొట్టాలి. మూడో గుంపు మామూలు జాయ్‌స్టిక్‌తో ఆడాలి. ఎవరు ఏది ఆడారో తెలియని టీచర్లు ప్రవర్తనను నమోదు చేయాలి. ప్రశ్నలు, లెక్కించే పద్ధతి మొదటి పిల్లవాడు ట్రిగ్గర్ నొక్కకముందే కాగితం మీద ఉండాలి. దత్తాంశాన్ని పిల్లల పేర్లు తీసేసి, ఎవరు అడిగినా చూపగలిగేలా భద్రపరచాలి.