పడకగది అలంకరణ, తక్కువ ఖర్చుతో (గోదావరి డెల్టా)

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల పరీవాహకంలోని తూర్పు, పశ్చిమ గోదావరి, కోనసీమ ప్రాంతాల్లో, గది కట్టుబడిని మార్చకుండా, దగ్గరలో దొరికే సున్నం, నూలు, కొబ్బరి పీచు, పాత కలపలతో పడకగదిని బాగుచేసుకొనే పద్ధతులన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. ఈ పని చాలా ఇళ్లలో సంక్రాంతికి ముందో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో జరుగుతుంది. వానలు వెనుకబట్టి గోడలు ఆరే కాలం కావడం కూడా పండుగ ముందు వెల్ల వేయించే ఆచారానికి ఒక కారణం కావచ్చు.

గోడలు

డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది కనుక, పునాదిలో చెమ్మను అడ్డే పొరలేని పాత ఇటుక గోడలు నేలలోని నీటిని సూక్ష్మరంధ్రాల ద్వారా పైకి పీల్చుకొంటాయి; ఆ నీరు ఆవిరైనప్పుడు అందులో కరిగిన లవణాలు గోడ ముఖం మీద తెల్లగా పేరుకొని, పూతను పొట్టుగా రాలుస్తాయి. దీనినే వాడుకలో ఉప్పు పట్టడం అంటారు. ఇటువంటి గోడకు ఆవిరిని బయటికి పోనివ్వని ప్లాస్టిక్ రంగులు వేస్తే పొర ఉబ్బి ఊడిపోతుంది. గాలి ఆడే సున్నపు పూత చవక కావడమే కాక ఇక్కడి గోడకు ఎక్కువగా నప్పుతుంది. తీరప్రాంతంలో గుల్లలను కాల్చి సున్నం తీసేవారు. నీటిలో విరిసిన సున్నాన్ని గుడ్డతో వడకట్టి, పట్టు కోసం జిగురును, పసుపు ఛాయ పోవడానికి కాస్త నీలిమందును కలిపి, పలుచగా రెండు మూడు పూతలు వేస్తారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా గట్టిపడుతుంది. తాజా సున్నపు తీవ్రమైన క్షారగుణం బూజును కూడా అణుస్తుంది. అదే గుణం వల్ల అది కంట పడితే ప్రమాదకరం. 1986 ఆగస్టు, 2022 జూలై నాటి వరదల వంటి ముంపు తరువాత గోడ లోపలి దాకా ఆరకముందే రంగు వేయించడం వృథా ఖర్చు.

వస్త్రాలు, లేసు

గది రూపును తక్కువ ఖర్చుతో ఎక్కువగా మార్చేవి తెరలు, దుప్పట్లు, దిండు గలీబులు. పాత నూలు చీరలతో తెరలు, బొంతలు కుట్టుకోవడం ఇక్కడి ఇళ్లలో పాత పద్ధతే. పొరుగున ఉన్న కృష్ణా డెల్టాలోని పెడన, మచిలీపట్నాల అద్దకపు కలంకారీ దుప్పట్లు కూడా వాడుకలో ఉన్నాయి.

ఈ ప్రాంతపు విశిష్ట వస్తువు నరసాపురం లేసు, అంటే కొక్కెపు సూదితో నూలు దారాన్ని ఉచ్చులుగా అల్లే పని. దీని ఆరంభం గురించి ఏకాభిప్రాయం లేదు: 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మక్రే దంపతులు నేర్పారన్నది ప్రచారంలో ఉన్న కథనం, దుమ్ముగూడెం మిషనరీలకు ప్రాధాన్యమిచ్చే కథనమూ ఉంది. ఒకే సంవత్సరానికి కట్టుబడకుండా, 19వ శతాబ్దిలో మిషనరీల ద్వారా వ్యాపించిందనడం సమంజసం. ఈ పని ఎగుమతి వ్యాపారంగా ఎదిగినా, ఇంటి వద్ద అల్లే స్త్రీలను శ్రామికులుగా కాక ఖాళీ వేళల్లో ఏదో చేసుకొనే గృహిణులుగా లెక్కించడం వల్లే కూలి అతి తక్కువగా నిలిచిపోయిందని జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన గ్రంథంలో వాదించారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మంచం నిండా పరచే లేసు దుప్పటి అల్లడానికి చాలా కాలం పడుతుంది కనుక పరిమిత ఆదాయం గలవారికి అనువైనది సాదా చేనేత దుప్పటికి, గలీబుకు, కిటికీ తెరకు లేసు అంచు కుట్టించుకోవడం. దానిని అల్లినవారి వద్దే నేరుగా కొంటే దళారీ వాటా తగ్గి ఇరువురికీ మేలు.

మంచం, పరుపు, కలప

నవారు మంచానికి వదులైన పట్టీని బిగించి అల్లించడం, బూరుగు దూది పరుపును విప్పి, దూది ఏకించి, కొత్త గుడ్డలో నింపించడం కొత్తవి కొనడం కంటే సాధారణంగా చవక. కోనసీమ కొబ్బరి పీచుతో చేసిన పట్టాలు నేల మీద పరచడానికి పనికివస్తాయి. మన్యపు టేకు దుంగలు ఒకప్పుడు తెప్పలుగా గోదావరి మీదుగా రాజమహేంద్రవరం చేరేవి. ఆ కలపతో కట్టిన మండువా లోగిళ్లను విప్పినప్పుడు వచ్చే తలుపులు, దూలాలతో అల్మరాలు, మంచపు తలాపులు చేయించుకోవచ్చు, అయితే చెదను ముందుగా పరీక్షించాలి.

ఇతర అలంకరణ

కడియం నర్సరీల్లో నీడలో పెరిగే మొక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. గోడలకు క్యాలెండరు బొమ్మలను, ముఖ్యంగా నరసాపురంలో 1933లో జన్మించిన చిత్రకారుడు బాపు చిత్రాలను చట్రం కట్టించి పెట్టుకోవడం కనిపిస్తుంది.

ఖర్చు క్రమం

డెల్టా పరిస్థితుల్లో మొదటి వ్యయం చెమ్మ మూలాన్ని, అంటే కారే పైపును, గోడ పక్కన నిలిచే వాననీటిని సరిచేయడానికి, తరువాత వెల్లకు, ఆపైన వస్త్రాలకు కేటాయించడం ఉత్తమం. గోడ తడిగా ఉన్నంతకాలం దాని పక్కన చేర్చిన పరుపు, కలప, తెర ఏదీ నిలవదు.