పటంలో లేని పీర్లచావడి

మేం అయిదారుగురం ఒక రాత్రి కంప్యూటర్ ముందు కూచుని, ఎవరి ఊరు వాళ్ళు పటంలో వెతుక్కున్నాం. ఊరు దొరికింది. గుడి ఉంది, బడి ఉంది, పెట్రోలు బంకు కూడా ఉంది. పీర్లచావడి లేదు. దూదేకులోళ్ళ వాడ లేదు. ఎవరూ పనిగట్టుకుని చెరిపెయ్యలేదు, ఎవరూ పెట్టలేదు, అంతే. 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎవరైనా గీయవచ్చు. గీయనివాళ్ళు ఉండరు.

అట్లాంటిదే ఓపెన్ హిస్టారికల్ మ్యాప్ అని మరొకటి ఉంది. అందులో ప్రతి గుర్తుకీ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది అని రెండు తేదీలు ఇవ్వచ్చు. ఇప్పుడు లేనిదాన్ని కూడా అది ఉన్న కాలంలో నిలబెట్టవచ్చు. ఈ మాట మమ్మల్ని పట్టేసింది.

ఏం పెట్టాలి? మొదటి కొట్లాట అక్కడే. ఒకరు గోల్కొండ, చార్మినార్, చౌమహల్లా అని జాబితా తీశారు. ఆ పటం టూరిజం వాళ్ళు ఏనాడో వేశారు కదా! కోటలు లెక్కపెట్టే మమ్మల్ని పాలకులన్నారు. మా తాతలు దూది ఏకారు, ఎడ్లకి నాడాలు కొట్టారు, కత్తులకి సాన పట్టారు. వాళ్ళు కూచున్న చెట్టు ఏ పటంలో ఉంది?

పాత పటాల్లో హైదరాబాద్‌కి గొప్పది ఒకటుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచాక, లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1912 నుంచి మూడేళ్ళలో నగరమంతా కొలిచి గీశారు. గల్లీలూ ఇళ్ళూ బావులూ అందులో కనబడతాయి. ఆ కాగితాన్ని ఇవాళ్టి నేల మీద పరచాలంటే అప్పుడూ ఇప్పుడూ కదలని ఆనవాళ్ళు కావాలి. 1578 నాటి పురానాపూల్, 1591 నాటి చార్మినార్ అట్లా పనికొస్తాయి. కోటల్ని కాదన్న మాకు చివరికి చార్మినారే మేకైంది! అయితే ఆ పటం నగరానిది. మా పల్లెల్ని ఇంటింటికీ అట్లా కొలిచినవాడు లేడు. అక్కడ ముసలివాళ్ళ జ్ఞాపకమే పటం.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. 2023లో ఔరంగాబాద్, ఉస్మానాబాద్ పేర్లు మార్చేశారు. మాకు కోపం వచ్చింది. కానీ పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ ఎట్లా అయింది? ఇందూరు నిజామాబాద్ ఎట్లా అయింది? ఆనాడు నవాబు మాత్రం జనాన్ని అడిగాడా? మా నానీలు చచ్చేదాకా పాలమూరనే అన్నారు. మా పటంలో ఒక పేరు కోసం మరోదాన్ని కొట్టెయ్యం. అన్నీ ఉంటాయి, వాటి వాటి ఏళ్ళతో, తెలుగులో, ఉర్దూలో.

ఈ పని పాలస్తీనీయులు మాకన్నా ముందు చేశారు. 1948లో పోయిన 418 ఊళ్ళ వివరాలు వలీద్ ఖాలిదీ 1992లో పుస్తకంగా తెచ్చాడు. 2018లో వచ్చిన పాలస్తీన్ ఓపెన్ మ్యాప్స్ 1940లలో బ్రిటిష్ వాళ్ళు గీసిన పటాల్నే తీసుకుంది. జనం గుంపుగా కూచుని వాటి మీది ఊళ్ళూ దారులూ ఎక్కించారు. పాలించినవాడి పటంతోనే పోయిన ఊరిని పట్టుకున్నారు.

1948 మాకూ ఉంది. సెప్టెంబరు 13న సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆపైన జరిగింది చూసి రమ్మని ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ బృందం, కనీసం 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని అంచనా కట్టింది. ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదిక దశాబ్దాలు బయటికి రాలేదు. 1956లో రాజ్యాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఈ జిల్లాలు బొంబాయికీ మైసూరుకీ పోయాయి. తెలుగు చరిత్రకి అవి పరాయి నేల అయిపోయాయి. రాష్ట్రాల గీతలు దాటే పటం లేకపోతే ఆ చావులు ఎవరి లెక్కలోకీ రావు.

మరి బైరాన్‌పల్లి పెడతారా అని మాలోనే ఒకరు అడిగారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఊచకోత కోసిన ఊరు. పెడతాం. రజాకార్లని ఎదిరించి రాసినందుకు అదే నెలలో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని నరికిన చోటూ పెడతాం. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న బందగీది కామారెడ్డిగూడెం. అదీ ఉంటుంది.

అన్నీ పెట్టాలనీ లేదు. ఊరి బయట ఒక చిన్న దర్గా ఉంది, కాగితాల్లేవు. గుర్తు పెడితే రేపు ఎవడి కన్ను పడుతుందోనని అక్కడివాళ్ళు వద్దన్నారు. ఊరుకున్నాం. పిరికితనం అనేవాళ్ళు అనొచ్చు, అక్కడ బతకాల్సింది వాళ్ళు.

మాలో ఒకరి ఊళ్ళో పీర్లచావడి రోడ్డు వెడల్పులో పోయింది. ఎక్కడుండేదో వాళ్ళ ఖాలా వచ్చి చూపించింది. బస్సు షెల్టర్ పక్కన, వేపచెట్టుకి ఇవతల. ఎప్పుడు కట్టారమ్మా అంటే నాకేం తెల్సు బేటా, నేను పుట్టకముందే అంది. ఎప్పుడు పోయిందంటే మాత్రం ఆలోచించలేదు. చిన్నోడి పెళ్ళయిన ఏడు, ఆషాఢంలో, పొద్దున పదిగంటలకి అని చెప్పింది. మొదటి తేదీ ఖాళీగా వదిలేసి, రెండోది ఎక్కించాం.