లెక్కకు అందని శక్తి: కొలైడర్లలో కృష్ణ పదార్థాన్వేషణ

1983వ సంవత్సరంలో జెనీవా సమీపాన గల సెర్న్ పరిశోధన కేంద్రంలో ప్రోటాన్లను, ప్రతిప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించి డబ్ల్యు, జడ్ కణాలను కనుగొన్నారు. మరుసటి ఏడే కార్లో రుబియా, సైమన్ వాన్ డెర్ మీర్‌లను నోబెల్ బహుమతి వరించింది. ఆ విజయం లోకప్రసిద్ధం. అదే యు.ఎ.1 ప్రయోగం నుండి 1984లో వెలువడిన మరొక ప్రకటన మాత్రం క్రమంగా మరుగున పడిపోయింది. కృష్ణ పదార్థం కోసం కొలైడర్లలో జరిగిన అన్వేషణ చరిత్రకు ఆ ప్రకటనతోనే శ్రీకారం చుట్టడం సముచితం.

విశ్వంలోని మొత్తం పదార్థంలో నక్షత్రాలుగా, వాయువులుగా, ధూళిగా ఉన్న సాధారణ పదార్థం ఆరవ వంతుకు మించదు. మిగిలినది గురుత్వాకర్షణ ద్వారా తప్ప తన ఉనికిని తెలియనివ్వదు. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీ సమూహంలో దీని జాడను పసిగట్టారు. 1970 దశకంలో వీరా రూబిన్ గెలాక్సీల భ్రమణాన్ని కొలిచిన పిదప సందేహాలు చాలవరకు తొలగిపోయాయి. ఈ పదార్థం ఏ కణాలతో నిర్మితమైనదన్న ప్రశ్నకు 1980 దశకపు సిద్ధాంతవేత్తలు సూపర్ సిమెట్రీ అనబడే సిద్ధాంతం నుండి ఒక సమాధానం సూచించారు. ఆ సిద్ధాంతం ఊహించిన కొత్త కణాలలో అన్నిటికంటె తేలికైనది నశించక నిలిచి ఉండవచ్చునని, అదే కృష్ణ పదార్థం కావచ్చునని వారి అభిప్రాయం.

కంటికి గాని, యంత్రానికి గాని చిక్కని కణాన్ని పట్టుకోవడం ఎట్లు? ఢీకొనే కణాలు ఒకే సరళరేఖ వెంట ఎదురెదురుగా పయనిస్తాయి కనుక, ఆ రేఖకు అడ్డంగా వాటి ద్రవ్యవేగం శూన్యం. తాకిడి తరువాత వెదజల్లబడిన కణాలన్నిటి అడ్డపు ద్రవ్యవేగాన్ని కూడినా శూన్యమే రావాలి. రాకపోతే ఏదో ఒకటి కనిపించకుండా దాటిపోయినదని అర్థం. చిట్టాకు, ఆవర్జాకు పొంతన కుదరని చోట గుమాస్తా కలం ఆపి వెనుకకు చూసినట్టిదే ఈ పద్ధతి.

యు.ఎ.1 బృందానికి అటువంటి పొంతన కుదరని చోట్లు ఎదురైనాయి. ఒక పక్కన ఒకే ఒక కణధార ఉండి, ఎదురు పక్కన 40 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి లోపించిన సంఘటనలు ఐదు లభించాయి. ఇదే తీరున విద్యుదయస్కాంత శక్తి మాత్రమే కనిపించినవి మరి రెండు. తెలిసిన భౌతిక నియమాలతో వీటిని వివరించలేకపోతున్నామని బృందం ప్రకటించింది. సిద్ధాంతవేత్తలలో కలకలం చెలరేగింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన డి.పి. రాయ్ వంటివారు ఈ సంఘటనలను సూపర్ సిమెట్రీ దృష్టితో పరిశీలించారు. కాని రెండేళ్లు తిరిగేసరికి ఆశ సన్నగిల్లింది. జడ్ కణం రెండు న్యూట్రినోలుగా విడిపోవడం, డబ్ల్యు కణం నుండి టౌ కణం పుట్టడం, కొలతలలోని హెచ్చుతగ్గులు – ఇట్టి చిన్న చిన్న కారణాలను విడివిడిగా చూస్తే ఏదీ చాలదు. అన్నిటినీ కూడితే లెక్క సరిపోయింది. న్యూట్రినో కూడా కనిపించకుండా వెళ్లిపోయే కణమే కదా!

కనుక తెలిసిన అదృశ్యాన్ని ముందుగా లెక్కపెట్టవలసి వచ్చింది. ఆ పని 1989లో సెర్న్‌లోనే ఆరంభమైన లెప్ యంత్రం నెరవేర్చింది. జడ్ కణం ఎంత వేగంగా క్షయిస్తుందో కొలిచి, అందులో కనిపించే భాగాన్ని తీసివేయగా, మిగిలినది మూడు రకాల న్యూట్రినోలకు సరిగ్గా సరిపోయింది. జడ్ ద్రవ్యరాశిలో సగానికి, అనగా సుమారు 45 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు, లోబడి ఉండి న్యూట్రినో వలె జడ్‌తో సంబంధం గల నాలుగవ కణానికి అక్కడ తావు లేదని తేలింది. అక్కడి ఎల్3 ప్రయోగంలో టాటా సంస్థ శాస్త్రజ్ఞులు భాగస్వాములు.

ఆ అనుభవమే లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌కు బాట వేసింది. దాని నిర్మాణంలో పాల్గొనేందుకు భారత అణుశక్తి శాఖ 1996లో సెర్న్‌తో ఒడంబడిక చేసుకున్నది. సి.ఎం.ఎస్. శోధక యంత్రంలో భారతీయులు చేపట్టిన ఒక భాగం ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనదగినది. శక్తిని కొలిచే పొరలు బృహత్తరమైన అయస్కాంతం లోపల ఇమడవలసి ఉన్నందున, తీవ్రమైన కణధారల తోక భాగం వాటిని దాటి బయటకు జారిపోయే ప్రమాదం ఉన్నది. అట్లు జారినది కృష్ణ పదార్థమని భ్రమ గొలుపుతుంది. దీనిని పట్టుకొనేందుకు అయస్కాంతానికి వెలుపల అమర్చిన బాహ్య శక్తిమాపకాన్ని టాటా సంస్థ, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం రూపొందించాయి. 1984 నాటి పొరపాటు పునరావృతం కాకుండా కాపలా కాసే పరికరమిది. కొత్త కణాన్ని కనుగొన్న కీర్తి కాపలాదారుకు దక్కదు; అయినను అది లేనిదే ఏ ప్రకటననూ నమ్మలేము.

ఇంతవరకు ఆ యంత్రంలో కృష్ణ పదార్థపు జాడ లభించలేదు. 2012లో కనుగొన్న హిగ్స్ కణం కనిపించని కణాలుగా క్షయించడం నూటికి సుమారు 11 పాళ్లకు మించదని అట్లాస్ బృందం 2023లో నిర్ధారించింది. న్యూట్రినోల వలన రావలసిన వాటా నూటికి ఒక పాలులో పదవ వంతు మాత్రమే కనుక, నడుమ ఇంకా వెదకవలసిన మేర చాలా ఉన్నది. మరొక చిక్కు కూడా లేకపోలేదు. యంత్రం దాటేవరకు నశించని కణం కోట్ల సంవత్సరాలు నిలుస్తుందని కొలైడర్ చెప్పజాలదు. అందుకు ఆకాశం నుండి వచ్చే కణాలనే భూగర్భంలో పట్టవలసి ఉంటుంది. ఝార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో దాదాపు 550 మీటర్ల లోతున 2017లో ప్రయోగశాల నెలకొల్పినది ఇందుకే. భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యత్వం పొందినది కూడా ఆ ఏడే.